విన్నవాళ్ల బాకీ

(యువజన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే ఆదివారం సాయంత్రం ఇదే ఉట్నూరులో మన పిల్లల పాటల కార్యక్రమం ఉంది. పోస్టరు ఇప్పటికే మీ ఫోన్లలోకి నాలుగైదు గ్రూపుల నుంచి వచ్చే ఉంటుంది. పాడేవాళ్లు ఐదుగురు. ఇద్దరు గోండులు, ఒకరు పర్ధాన్, ఒకరు తోటి, ఒక చెల్లెలు కొలాం. వీళ్ల వెనక ఏ కంపెనీ లేదు, సినిమావాళ్లు లేరు. పాటలు వాళ్లే కట్టుకుంటారు, గదిలో దుప్పట్లు కట్టి వాళ్లే రికార్డు చేసుకుంటారు, ఖర్చు కూలి డబ్బుల్లోంచి పెట్టుకుంటారు. పట్నంలో ఇలాంటివాళ్లను ఇండీ కళాకారులు అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే, ఎవరి కిందా లేకుండా సొంతంగా పాట చేసుకునేవాళ్లు.

“అందరూ రండి, జయప్రదం చేయండి” అని చెప్పడానికే అయితే ఇంతమందిని పిలవక్కర్లేదు, ఒక మెసేజ్ సరిపోయేది. పాడేవాళ్ల గురించి చాలామంది మాట్లాడతారు. వినేవాళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈరోజు మేము వినేవాళ్ల గురించి, అంటే మీ గురించి, మా గురించి మాట్లాడదామని పిలిచాం.

ముందుగా మన పాత ఏర్పాటును గుర్తు చేసుకుందాం. గోండు ఇంట్లో పెళ్లి అయినా, చావు అయినా, పెర్సాపేన్ పూజ అయినా ఆ ఇంటికి చెందిన పర్ధాన్ కిక్రి పట్టుకుని వచ్చేవాడు. “ఆ ఇంటికి చెందిన” అన్న మాట గమనించండి. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లను పిలుచుకునే పద్ధతి కాదది. ఫలానా వంశానికి ఫలానా పర్ధాన్ కుటుంబం అని తాతల నాటి నుంచి ఉండేది. కొన్ని వంశాలకు తోటివాళ్లు ఆ పని చేసేవాళ్లు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అని మనకున్న సగల్లో ఈ ఇల్లు దేనికి చెందింది, ఈ వంశం ఏ దారిన వచ్చింది, పహండి కుపార్ లింగాల్ మన దేవతలను గుహ నుంచి ఎలా విడిపించాడు, ఇదంతా ఆ మూడు తీగల కిక్రి మీద విల్లు ఆడిస్తూ రాత్రంతా పాడి చెప్పేవాళ్లు. అప్పట్లో మన చరిత్ర కాగితం మీద ఉండేది కాదు, ఒక మనిషి గొంతులో ఉండేది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మన ఆదిలాబాద్ పర్ధాన్ల ఇంటి భాష మరాఠీ. పాడేది మాత్రం గోండిలో. అంటే తమ ఇంట్లో మాట్లాడని భాషలో, తమది కాని వంశం కథను తరతరాలుగా కాపాడి మన చేతికి ఇచ్చారు వాళ్లు. “మాకు గోండి సరిగ్గా రాదు, హాస్టళ్లలో చదువుకున్నాం” అనే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. రాని భాషను పాట కోసం నేర్చుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు.

1940లలో హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో ఉండి రాసుకున్న కథల్లో ఎన్నో ఇలా పర్ధాన్ల నోటి నుంచి వచ్చినవే. 1948లో వచ్చిన ఆయన పుస్తకంలో అవి ఉన్నాయి. ఆయన పేరు లోకానికి తెలిసింది. పాడినవాళ్లు ఎవరని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం?

ఇక విన్న ఇంటివాళ్లు ఏం చేసేవాళ్లు? ధాన్యం కొలిచేవాళ్లు. బట్ట పెట్టేవాళ్లు. కలిగినవాళ్లు పశువును తోలి ఇచ్చేవాళ్లు. కరువు వచ్చిన ఏడు కాస్త తగ్గించి ఇచ్చేవాళ్లేమో గానీ, మానేసేవాళ్లు కాదు. దాన్ని బిచ్చం అనలేం, కళాపోషణ అని పెద్ద మాటలూ అనక్కర్లేదు. అది బాకీ. నా ఇంటి పేరు నీ గొంతులో బతుకుతోంది కాబట్టి నీ ఇంట్లో పొయ్యి వెలగడం నా బాధ్యత, అంతే. వినడానికి ఒక ధర ఉందని, ఆ ధర చెల్లించడం పరువని మన పెద్దలకు తెలుసు.

ఆ ఏర్పాటు ఎలా విరిగిందో మీకు మేము చెప్పనక్కర్లేదు. భూములు చేతులు మారాయి. అప్పులు పెరిగాయి. ఇచ్చే ఇల్లు చితికితే పాడే ఇల్లు కూడా చితికింది. కిక్రి నేర్పాల్సిన తండ్రి కూలికి పోయాడు, నేర్చుకోవాల్సిన కొడుకు హాస్టల్‌కు పోయాడు. పెళ్లిళ్లలోకి సౌండు బాక్సులు వచ్చాయి. సౌండు బాక్సుకు పదివేలు ఇవ్వడానికి వెనకాడని ఇల్లు, కిక్రి వాయించే ముసలాయనకు ఐదొందలు ఇవ్వడానికి బేరం ఆడింది. పాట దానంతట అది చచ్చిపోదు. విన్నవాళ్లు బాకీ ఎగ్గొట్టిన చోట చస్తుంది.

మరి ప్రభుత్వ గుర్తింపు లేదా అంటే, ఉంది. మన మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మణుగూరు ప్రాంతంలో డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథలు పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. మన జాతికి అది గర్వకారణం. అయితే 2024 జూన్‌లో రామచంద్రయ్య గారు, అక్టోబర్‌లో కనకరాజు గారు మనల్ని విడిచి వెళ్లారు. ఒకే ఏడాదిలో రెండు పెద్ద గొంతులు, రెండు పెద్ద జ్ఞాపకాలు పోయాయి. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారి సంగతి కూడా మీకు తెలుసు. భీమ్లా నాయక్ సినిమాలో ఆయన గొంతు వినని ఊరు లేదు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకు ఆయన ఇళ్లు కట్టే చోట కూలి పని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. లక్షల మంది విన్నారు, లక్షల మంది షేర్ చేశారు. పతకం మెడలో పడుతుంది. పొయ్యి వెలగాలంటే మాత్రం ప్రతి నెలా ఎవరో ఒకరు పాటకు పిలవాలి, పాడినందుకు ఇవ్వాలి.

అందుకే వచ్చే ఆదివారం కార్యక్రమానికి టికెట్ పెట్టాం. యాభై రూపాయలు. చదువుకునేవాళ్లకు ఇరవై. “మనవాళ్ల కార్యక్రమానికి మనకే టికెట్టా?” అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది: పూర్వం ధాన్యం కొలిచి ఇచ్చిన ఇంటి మనవలం మనం. ఈ టికెట్ ఆ ధాన్యానికి బదులు. వచ్చిన డబ్బులో మైకులు, షామియానా ఖర్చు పోను మిగిలింది ఐదుగురికీ సమానంగా పంచుతాం. లెక్క కాగితం మరునాడే గ్రూపులో పెడతాం. ఇవ్వలేని అవ్వలు, తాతలు ముందు వరుసలో ఊరికే కూర్చుంటారు. వాళ్లు కట్టాల్సింది ఎప్పుడో కట్టేశారు.

ఇప్పుడు ఈ ఐదుగురు ఏం చేస్తున్నారో చెప్పాలి. వాళ్లు పాత పాటను ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం లేదు. గోండిలో, కొలామీలో కొత్త మాటలు కడుతున్నారు. పత్తి రేటు మీద పాట ఉంది, పోడు పట్టా కోసం తిరిగి తిరిగి అరిగిన చెప్పుల మీద పాట ఉంది, హైదరాబాద్‌లో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తూ దండారి పండక్కి సెలవు దొరకని అన్న మీద పాట ఉంది. కిక్రి పక్కన గిటారు ఉంది, గుమేల ఉంది, పెప్రె ఉంది. గిటారు చూసి కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. మేము వాళ్ల రిహార్సల్‌కు వెళ్లి కూర్చున్నాం. అక్కడ ఒక సంగతి చూశాం. కిక్రి శ్రుతి పాడేవాళ్ల గొంతును బట్టి ఉంటుంది. ఫోన్ యాప్‌లో చూపించే శ్రుతికి అది సరిపోదు. గిటారు వాయించే తమ్ముడు తన తీగలు వదులు చేసి కిక్రి దగ్గరికి తెచ్చుకున్నాడు. కిక్రిని తన దగ్గరికి రమ్మనలేదు. కొత్త వాయిద్యం వచ్చి పాతదాని పక్కన కూర్చున్నప్పుడు ఎవరు ఎవరి దగ్గరికి జరగాలో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఇలాంటి దారిలో నడిచినవాళ్లు ఇంకా ఉన్నారు. మణిపూర్‌లోని ఉఖ్రూల్ కొండల తంగ్‌ఖుల్ నాగా గాయకుడు రూబెన్ మషాంగ్వాకు మన కనకరాజు గారితో పాటే 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తమ తెగ తీగ వాయిద్యం తింగ్‌తేలాను గిటారుతో కలిసి మోగేలా తానే మార్చుకున్నాడు. ఇక్కడ వాయిద్యమే మారింది కదా అని మీరు అడగవచ్చు. మారింది. కానీ మార్చింది ఎవరు? ఊరూరా తిరిగి పెద్దల దగ్గర పాటలు నేర్చుకున్న మనిషి. ఏది కదిలించవచ్చో, ఏది కదిలిస్తే పాట కూలిపోతుందో తెలిసిన మనిషి. మార్పు అనేది నేర్చుకున్నవాళ్ల హక్కు. నేర్చుకోకుండా మార్చేవాళ్లు పాడు చేస్తారు.

కేరళలో అట్టప్పాడి కొండల ఇరుల అవ్వ నంజియమ్మ గురించీ తెలుసుకోండి. అయ్యప్పనుం కోషియుం సినిమాలో ఆమె ఇరుల భాషలో పాడింది. 2022లో ప్రకటించిన జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ గాయని ఆమే. ఆ సినిమానే తెలుగులో భీమ్లా నాయక్ అయింది. ఆమెకు అవార్డు వచ్చినప్పుడు, శాస్త్రీయ సంగీతం నేర్వని మనిషికి ఎలా ఇస్తారని కొందరు గొడవ చేశారు. మేకలు కాస్తూ నేర్చుకున్న పాట పాటే కాదన్నట్టు మాట్లాడారు. అలాంటి మాట మన పిల్లలకూ ఎదురవుతుంది. అప్పుడు వాళ్ల వెనక నిలబడాల్సింది విన్నవాళ్లే.

ఇక పెద్దలు అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. వేదిక మీదికి ఏది తేవచ్చు, ఏది తేకూడదు? మూడు సార్లు కూర్చుని మాట్లాడుకున్నాక ఒక మాట మీదికి వచ్చాం.

పేన్ పాటలు వేదిక మీదికి రావు. పెర్సాపేన్ పూజలో, కర్మలో పాడేవి వాటి చోటులో, వాటి వేళలోనే పాడాలి. ఆ పాటలకు వినేవాళ్లు మనుషులు మాత్రమే కాదు.

గుస్సాడీ రాదు. దీపావళి ముందు దండారి రోజుల్లో నెమలి పింఛాల టోపీ పెట్టుకున్న మనిషి నియమంలో ఉంటాడు. దండారి ముగిసేదాకా స్నానం చేయడు. ఆ టోపీకి మనం పూజ చేస్తాం. దాన్ని ఏ నెలలో పడితే ఆ నెలలో, ఎవరికో దండ వేసి స్వాగతం చెప్పడానికి రోడ్డు మీద నిలబెట్టడం చూసి మన పెద్దలు బాధపడుతూనే ఉన్నారు. మన కార్యక్రమంలోనైనా ఆ తప్పు జరగకూడదు.

పెళ్లి పాటలు, పొలం పాటలు, ఆటపాటలు, పిల్లల పాటలు, కొత్తగా కట్టిన పాటలు, ఇవన్నీ వస్తాయి. వాటిలో పెద్దల దగ్గర నేర్చుకున్న ప్రతి పాటకు ముందు, నేర్పినవాళ్ల పేరు, ఊరు పేరు వేదిక మీద చెబుతారు.

కొందరు తమ్ముళ్లు “ఇన్ని కట్టుబాట్లు పెడితే పాట ఎలా ఎదుగుతుంది?” అన్నారు. చేనుకు కంచె వేస్తే పంట ఎదగదా? ఏది అమ్మకానికి కాదో ముందే తేల్చుకున్నవాళ్లు మిగతాదాన్ని తలెత్తుకుని అమ్ముకోగలరు.

అమ్మకం మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి కూడా చెప్పుకుందాం. పాడే తమ్ముళ్లు, చెల్లెళ్లు జాగ్రత్తగా వినండి. తాతల నాటి పాట మీద ఏ ఒక్కరికీ కాపీరైట్ ఉండదు. అందుకే ఎవరైనా వచ్చి దాన్ని రికార్డు చేసుకుని పోతున్నారు. కానీ ఆ పాటను మీరు పాడినప్పుడు, మీ గొంతు మీద, మీ వాయిద్యం మీద మీకు హక్కు ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో దాన్ని ప్రదర్శకుల హక్కు అంటారు. అది యాభై ఏళ్లు ఉంటుంది. మీ అనుమతి లేకుండా మీ ప్రదర్శనను రికార్డు చేసి వాడుకోకూడదు. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీలో వాటా మీకు రావాలని 2012లో చట్టాన్ని సవరించారు. మీరు కొత్తగా కట్టిన మాటలకు, బాణీకి పూర్తి కాపీరైట్ మీదే, మీ జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు. కాబట్టి ఎవరో కెమెరా పట్టుకుని వచ్చి, చాయ్ తాగించి, ఒక కాగితం మీద సంతకం అడిగితే, చదవకుండా పెట్టొద్దు. అర్థం కాకపోతే ఇంటికి తెచ్చుకోండి, చదువుకున్నవాళ్లకు చూపించండి. మన భూమి కాగితాల విషయంలో మన తాతలకు ఏం జరిగిందో మీకు తెలుసు. పాట కాగితాల విషయంలో అది మళ్లీ జరగకూడదు.

ఇప్పుడు వినేవాళ్లకు. ఆదివారం మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

వేళకు రండి. డోలు, పర్ర, గుమేల చర్మం చల్లగాలికి వదులవుతుంది. వేడి చూపించి బిగించుకుంటేనే పలుకుతాయి. మంట వేదిక వెనక ఉంటుంది. వాయిద్యాలు వేడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మీరు గంట ఆలస్యంగా వస్తే ఆ వేడి వృథా అవుతుంది.

కిక్రి గొంతు చిన్నది. పక్కవాడితో గట్టిగా మాట్లాడితే అది వినపడదు. మైకులవాళ్లకు ముందే చెప్పాం, కిక్రి పైకి రావాలని, డోలు మైకు తగ్గించాలని. మిగతాది మీ చేతుల్లో ఉంది.

ఫోన్‌లో తీసుకోండి, కాదనం. ఒక్క నిమిషం చాలు. మొత్తం పాట తీసి మీ చానెల్‌లో పెడితే, రేపు వాళ్లు సొంతంగా విడుదల చేసుకునే పాటకు విలువ పోతుంది. పెట్టే ఆ నిమిషం కింద పాడినవాళ్ల పేరు, ఊరు, భాష రాయండి. “ఆదివాసీ సాంగ్” అని ఊరికే రాయకండి. గోండి పాటను గోండి అని రాయండి, కొలామీని కొలామీ అని రాయండి. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దేశంలో దాదాపు ముప్పై లక్షల మంది. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో మన భాష లేదు. మన పాటకు మనమే భాష పేరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు? వీలైనవాళ్లు మన లిపిలో రాయండి. నార్నూర్ మండలం గుంజాల ఊరిలో దొరికిన రాతప్రతుల్లోని లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఫాంట్ వేసుకుంటే ఫోన్‌లోనే గుంజాల గోండి కనిపిస్తుంది.

పాటలు అయ్యాక వెంటనే లేచి వెళ్లకండి. వేదిక పక్కన ఒక పెద్దాయన కిక్రితో కూర్చుని ఉంటారు. పట్టుకుని చూడాలనుకున్నవాళ్లకు చూపిస్తారు. నేర్చుకోవాలనుకున్నవాళ్ల పేర్లు రాసుకుంటాం. ఐదుగురు ముందుకొచ్చినా చాలు, నెలకు రెండు ఆదివారాలు నేర్పించే ఏర్పాటు మేము చేస్తాం. ఆయనకు ఇవ్వాల్సింది సంఘం ఇస్తుంది. నేర్చుకునేవాళ్లు ఫీజు కట్టక్కర్లేదు, నాగా మాత్రం పెట్టొద్దు. ఆ ఐదుగురిలో ఆడపిల్లలు ఉంటే మరీ మంచిది. ఇన్నాళ్లూ కిక్రి ఎక్కువగా మగవాళ్ల చేతుల్లోనే ఉంది. పాటలు మాత్రం మన అమ్మల దగ్గర లెక్కలేనన్ని ఉన్నాయి.

ఆ తర్వాత ఇంటికి వెళ్లి ఒక పని చేయండి. మీ వంశానికి కిక్రి పట్టిన కుటుంబం ఏది, ఏ ఊళ్లో ఉంది, ఇప్పుడు ఎవరున్నారు అని మీ తాతనో అవ్వనో అడగండి. పేరు రాసుకోండి. పండక్కి వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చోండి. వాళ్లకు పాట గుర్తుంటే వినండి, గుర్తు లేకపోతే ఆ ఇంటి మనిషికి రాం రాం చెప్పి రండి. చాలా ఏళ్లుగా ఆ గుమ్మం మీ ఇంటి నుంచి మనిషి కోసం చూస్తూ ఉండవచ్చు.

మన లింగో పద్దెనిమిది వాయిద్యాలు వాయించాడని పెద్దలు చెబుతారు. మన చేతుల్లో ఇప్పుడు ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆదివారం వేదిక మీద వాటిలో కొన్ని మోగుతాయి. ఆ ఐదుగురు పిల్లలు తాము చేయగలిగింది చేస్తున్నారు. రాత్రి పది దాటాక రిహార్సల్ చేసి, పొద్దున్నే పనికి పోతున్నారు. మిగిలిన సగం పని వినేవాళ్లది.

టికెట్లు ద్వారం దగ్గర మన చెల్లెళ్ల దగ్గర ఉన్నాయి. వెళ్లేటప్పుడు తీసుకుని వెళ్లండి. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు కలుద్దాం.

జై సేవా. జై జంగో. జై లింగో.